మా ఆయన సీసం గుళ్ళు

మా ఆయన చంద్రమౌళి దగ్గర ఎయిర్‌గన్ ఉండాదని ఊరందరికీ తెలుసు. దాంతో ఇంతవరకు ఒక్క పిట్టని కూడా కొట్టలేదని నాకు మాత్రమే తెలుసు. తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో మాకు రొయ్యల గుంటలున్నాయి. రొయ్య కాస్త ఎదిగిందంటే చాలు, నీటికాకులూ కొంగలూ దిగబడతాయి. వాటిని బెదిరించడానికని కొన్నాడు ఆ తుపాకి. గట్టు మీద నిలబడి గురి చూస్తాడు, చూస్తాడు, చివరికి అవతల పెట్టిన ఖాళీ డబ్బాని కొడతాడు. అది ఠంగుమంటే పిట్టలు లేచిపోతాయి. "పిట్ట ఇక్కడుంటే డబ్బాని కొడతావేందయ్యా" అంటే, "అది నా వైపే చూస్తా ఉండాది ఉషా, ఎట్ట కొట్టేది" అంటాడు. అట్టాంటి మనిషి.

పిట్టల సంగతి ఎట్టున్నా డబ్బాని కొట్టడంలో మాత్రం ఆయనకి మహా పట్టుదల. మొదట డబ్బా మూత పెట్టినాడు, తర్వాత సీసా మూత, ఆ తర్వాత నా చెవిపోగు అంత కాగితం ముక్క. నెల్లూరు నించి తెచ్చుకునే గుళ్ళు ఒకటి బరువు, ఒకటి తేలిక అంట. అందుకే గురి తప్పుతోందంట. గురి తప్పినప్పుడల్లా తప్పు గుండుదే అయ్యేది, ఈయనగారిది ఎప్పుడూ కాదు.

ఆయనకి గుళ్ళు తనే పోసుకోవాలన్న పిచ్చి పట్టింది మాత్రం నా వంటింట్లో. మా పుట్టిల్లు తడ దగ్గర. ఆవైపు ఇళ్ళల్లో చారు తగరం చెంబులోనే కాస్తారు. స్టీలు గిన్నెలో కాచిందాన్ని మా అమ్మ చారని ఒప్పుకునేదే కాదు. నా పెళ్ళప్పుడు తన చెంబు నాకిచ్చి పంపింది. దాంతో ఒకటే ఇబ్బంది, ముందు నీళ్ళు పోసి ఆ తర్వాత పొయ్యి వెలిగించాలి. ఉత్త చెంబుని మంట మీద పెడితే కరిగిపోతుంది. ఇన్నేళ్ళుగా కాస్తున్నదాన్ని, పోయినేడు ఒకనాటి పొద్దున పొయ్యి వెలిగించి, చెంబు పెట్టి, నీళ్ళు పోసేలోపల ఫోనొస్తే మాట్లాడుతూ నిలబడిపోయినాను. తిరిగి చూస్తే చెంబుకి అడుగు లేదు. కరిగిందంతా బర్నరు మీద చుక్కలుగా కారతా ఉంది.

నేను తల పట్టుకుని కూర్చుంటే మా ఆయన వచ్చినాడు. ఓదార్చడానికి వచ్చినాడనుకున్నా. పొయ్యి కట్టేసి, గట్టిపడిన చుక్కనొకదాన్ని గోటితో లేపి, అరచేతిలో దొర్లించుకుంటూ, "ఇంత తేలిగ్గా కరగతాదా ఇది" అన్నాడు. మా అమ్మ చెంబు పోయిందని నేనేడుస్తుంటే ఈయనకి అదీ అనుమానం. "తగరం ఇట్ట కరిగితే సీసం కూడా కుంపటి మీద కరగాల" అని గొణుక్కుంటూ పోయినాడు. మిగిలిన ముద్దని పారెయ్యడానికి చేతులు రాక, గుడ్డలో చుట్టి పోపుల డబ్బా వెనక పెట్టుకున్నాను.

మర్నాడే జాలర్ల పాళెం పోయి ముత్యాలయ్యని పట్టుకున్నాడు. ముత్యాలయ్య సముద్రం మీద చేపల వేటకి పోయే మనిషి, మా ఆయనకి స్నేహితుడు. చినిగిపోయిన వలలకి కట్టి ఉండే సీసం గుళ్ళని సంచి నిండా ఇచ్చినాడు. నెల్లూరులో ఒక లేతు మిషనాయన చేత అల్యూమినియం అచ్చు చేయించినాడు. బంగారం తూచే చిన్న కాటా ఒకటి వచ్చింది. పశువుల కొట్టం వెనక కుంపటి పెట్టినాడు.

నేను ఎగతాళి చేసినానే గానీ ఆ పని చూడ్డానికి బాగానే ఉండేది. సీసం కరిగేటప్పుడు పైన తెట్టు కడుతుంది. దాంట్లో కొవ్వొత్తి ముక్క వేసి కలిపి, తెట్టు తీసేసి, గరిటెతో అచ్చులో పోస్తాడు. అచ్చు విప్పితే వేరుశెనగ పలుకంత కూడా లేని గుండు బయటికొస్తుంది. నడుము సన్నగా, వెనక అంచు పావడాలాగా విచ్చుకుని ముద్దుగా ఉంటుంది. ఒక్కోదాన్నీ కాటాలో పెట్టి చూసి, తేడా ఉంటే మళ్ళీ మూకుట్లో పడేస్తాడు. అసలు కరిగించే ముందే సీసాన్ని ఏరతాడు. గోరు గుచ్చితే గుంట పడాల, కాగితం మీద రుద్దితే పెన్సిల్ గీత లాగా నల్లగా పడాల. గీత పడలేదంటే అది సీసం కాదు, తగరమో ఇంకోటో, పక్కన పెట్టెయ్యాల్సిందే అంటాడు. ఆ గీతల్తో మా ఇంట్లో క్యాలెండరు వెనక్కాగితాలన్నీ నిండిపోయినాయి.

జాగ్రత్త లేని మనిషి కూడా కాదు. గాలి ఎటునించి వస్తుందో చూసుకుని అటు కూర్చుంటాడు. పని అయినాక బట్టలు కొట్టంలోనే విడిచి, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని గానీ గడప దాటడు. ఇది ముందే చెప్తున్నానెందుకంటే, ఆ తర్వాత జరిగింది నాకు ఎంతకీ అంతుబట్టకపోవడానికి కారణం ఇదే.

ఆ వారంలోనే మోపెడ్ మీద పాత్రలు అమ్ముకునేవాడు మా వీధికి వచ్చినాడు. చారు చెంబులున్నాయా అంటే మూడు తీసి పెట్టినాడు. మూడింటినీ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికన్నా బరువుగా ఉన్నదాన్ని తీసుకున్నా. పాత్ర అన్నాక బరువుండాల కదా. రేకులాగా తేలిగ్గా ఉండేదాన్ని ఎవరు కొంటారు? "మంచిదాన్నే పట్టినావమ్మా" అన్నాడు వాడు. మళ్ళీ నా వంటింట్లో మా అమ్మ చారు వాసన వచ్చింది. నాకు పులుపు పడదు, తింటే గుండెల్లో మంట, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటాను. చారంతా ఆయనకే. పొద్దున కాచింది రాత్రికి, రాత్రిది మర్నాటికి. ఆ చెంబులోనే నిలవుండి పులిసిన చారంటే ఆయనకి ప్రాణం.

కొన్నాళ్ళకి కడుపునొప్పి అన్నాడు. సన్నగా మెలిపెడుతుందంట, విరేచనం కాదంట, నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉందంట. గ్యాస్ అనుకున్నాం. కడుపు బాగాలేని మనిషికి చారన్నం కంటే ఏం పెడతాం? వేపుళ్ళు మాన్పించి మూడు పూటలా చారన్నమే పెట్టినాను. తగ్గలా. తర్వాత మతిమరుపు మొదలైంది. ఒక గుంటకి రెండుసార్లు మేత వేసి పక్క గుంటని పస్తు పెట్టినాడు. ముత్యాలయ్య ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, "ముత్యాలయ్య రాలేదేందే" అని నన్నడిగినాడు. ముత్యాలయ్య నవ్వినాడు. నేనూ నవ్వినా. ఆయన మా ఇద్దరి మొహాలు చూసి, ఎందుకు నవ్వుతున్నామో తెలీక తనూ నవ్వినాడు. ఆ నవ్వు చూసినాక నాకు భయమేసింది.

నెల్లూరు తీసుకుపోయినా. డాక్టరమ్మ చిన్న వయసే, నిదానంగా అడిగింది. ఏం పని చేస్తారు, ఏం తింటారు, ఏమైనా అలవాట్లు ఉన్నాయా అని. "అలవాట్లేముండాయి తల్లీ, ఇంట్లో కూర్చుని సీసం కరిగిస్తాడు" అన్నా. ఆమె రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. రక్తం తీయించింది. రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువుందని చెప్పింది. అది కడుపుని పట్టిందనీ, తలకి కూడా ఎక్కుతోందనీ, ఇట్టాగే పోతే మనుషుల్ని గుర్తుపట్టడం కూడా కష్టమనీ చెప్పింది. ఇంకేమీ అడగలా. అడగాల్సిన పనేముంది, కారణం నేనే నోటితో చెప్పినాను కదా.

బస్సులో ఆయన్ని ఎంత మాటన్నానో నాకే తెలీదు. ఇంటికొచ్చి అచ్చు, కాటా, మూకుడు, సీసం, పోసి పెట్టిన గుళ్ళు అన్నీ గోతంలో కుక్కి ముత్యాలయ్యకిచ్చేసినా. "వీటిని నా కంటికి కనపడనీబాకు" అన్నా. తుపాకి కూడా ఇచ్చేసినా. కొట్టం వెనక మట్టి తవ్వి తీయించి కొత్త మట్టి పోయించినా. ఇల్లంతా కడిగినా. ఆయన గడపలో కూర్చుని చూస్తా ఉన్నాడు, అడ్డం చెప్పలా. "పోనీలే ఉషా, గుండు సరిగ్గా కుదిరిందిప్పుడే" అన్నాడంతే.

అంతటితో తగ్గాల. తగ్గలా. ఆస్పత్రిలో చేర్చుకుని సీసాన్ని లాగేసే మందిచ్చినారు. అక్కడ క్యాంటీను ఇడ్లీలు తింటా మంచం మీద ఉన్నన్నాళ్ళూ మనిషి తేటపడినాడు. పక్క మంచం ఆయనతో రాజకీయాలు మాట్లాడినాడు, నా చీర రంగు బాగుందన్నాడు. హమ్మయ్య అనుకుని ఇంటికి తెచ్చుకున్నా. వచ్చినాక నెల తిరక్కుండానే మళ్ళీ అదే మెలి, అదే చూపు. మళ్ళీ రక్తం చూస్తే ముందుకంటే ఎక్కువుంది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఆయన ఇంకా చేస్తున్నారండీ, మీకు తెలియకుండా చేస్తున్నారు" అంది. ఆస్పత్రిలో బాగుంటాడు, ఇంటికొస్తే చెడతాడు. ఇంట్లో ఏదో జరుగుతోందనే కదా దానర్థం.

నాకు పిచ్చెక్కింది. ఆయన గోళ్ళు చూసేదాన్ని, చొక్కా జేబులు వాసన చూసేదాన్ని. గట్టు మీద మోటారు షెడ్డు వెతికినా, గడ్డివామి కదిలించి చూసినా, ముత్యాలయ్య ఇంటికి పోయి గోతం మూట అట్టే ఉందా అని విప్పి చూసినా. అట్టే ఉంది. "అన్న ఇటు రాలేదక్కా" అన్నాడు ముత్యాలయ్య. నువ్వూ ఆయనా ఒకటే అని వాడినీ తిట్టొచ్చినా. ఎక్కడ కరిగిస్తున్నాడు? దేంట్లో కరిగిస్తున్నాడు? పొయ్యి లేదు, అచ్చు లేదు, సీసం లేదు. అయినా ఒంట్లోకి సీసం వస్తా ఉంది. తల బద్దలు కొట్టుకున్నా దారి దొరకలేదు.

కొడవలూరు నించి మా వదిన రాఘవమ్మ వచ్చింది, ఆయనకి అక్క. తమ్ముణ్ణి చూసి నోరు నొక్కుకుంది. "మా ఇంటికి పంపు ఉషా, కొన్నాళ్ళు వరిచేలల్లో తిరుగుతాడు, ఆ గుళ్ళ గోల మర్చిపోతాడు" అంది. నాకు రోషం వచ్చింది. "నా మొగుడికి నేను ఇంత చారన్నం పెట్టుకోలేనా వదినా" అన్నా. ఆమె నొచ్చుకుని సాయంత్రం బస్సుకే పోయింది.

ఆ మధ్యాహ్నమే, ఆమె ఎదురుగానే, ఆయన్ని కూర్చోబెట్టి అడిగేసినా. "చెప్పయ్యా, యాడ చేస్తా ఉన్నావు?"

"చెయ్యలా ఉషా."

"అబద్ధం చెప్పబాకు. రక్తం అబద్ధం చెప్పదు."

"చెయ్యలా."

"అన్నం మీద చెయ్యి పెట్టి చెప్పు."

ముందున్న కంచంలో చారన్నం కలిపి ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, "ఈ అన్నం సాక్షిగా చెయ్యలా" అన్నాడు. అన్నం మీద ప్రమాణం చేసి కూడా అబద్ధమాడే స్థితికి వచ్చినాడే ఈ మనిషి అనుకున్నాను నేను. నోటితో కూడా అన్నాను. ఆయన ఆ అన్నమే తిన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు నేను గుంటల దగ్గరికి పోతుంటే వెనకనించి పిలిచినాడు. చేతిలో తాళంకప్ప ఉంది.

"తాళం వేసి పో" అన్నాడు.

"దేనికి?"

"నన్ను లోపల పెట్టి వేసి పో. ఆలోచిస్తా ఉన్నా ఉషా. నువ్వు అబద్ధం చెప్పవు, డాక్టరమ్మ చెప్పదు, రక్తం చెప్పదు. మరి నేనే చేస్తా ఉంటా. చేసి మర్చిపోతా ఉంటా. నాకు తెలియకుండా నా చేతులు చేస్తున్నాయేమో."

తన చేతుల వైపు ఎవరో పరాయివాళ్ళ చేతులు చూసినట్టు చూసుకున్నాడు. అయినా తాళం వేసినా. అదేమంటే, ఏం చెయ్యాలో తెలియని మనిషికి చేతిలో తాళంకప్ప పెడితే వేస్తుంది. ఆనాటి నించి రోజూ వేసి పోయేదాన్ని. కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు.

క్రమంగా కూర్చోవడం కూడా కష్టమైంది. మణికట్లు వాలిపోతున్నాయి, గ్లాసు నిలవడం లేదు. మామూలుగా మా ఇంట్లో మగవాళ్ళు వంటింటి సామాను ముట్టరు. నేను గరిటెతో వడ్డిస్తే తింటాడు తప్ప చెంబు ఎట్టుందో కూడా ఆయన చూసింది లేదు. ఆ రోజు మటుకు చారు మంచం దగ్గరికే తెచ్చి, స్టూలు మీద చెంబు పెట్టి, చెంచాతో తాగిద్దామని కూర్చున్నా. మిరియాలు దంచి వేసినా, పొగలు వస్తున్నాయి. రెండు చెంచాలు తాగి, మూడోది వద్దని చెంబుని పక్కకి జరపబోయినాడు. జరపలేకపోయినాడు. రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు.

"ఇంత బరువేందే" అన్నాడు.

"నిండా చారుంది కదా."

"చారు వంచెయ్యి."

పిచ్చి మనిషితో ఏం వాదిస్తాం? గిన్నెలోకి వంచి ఖాళీ చెంబు చేతికిచ్చినా. ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డ ఒళ్ళు తడిమినట్టు తడిమినాడు. బొటనవేలి గోరుతో అంచు మీద నొక్కినాడు. గుంట పడింది. దాన్ని లేవనెత్తి, మంచం పక్కన సున్నం గోడకి అంచు ఆనించి లాగినాడు. గోడ మీద నల్లటి గీత పడింది.

"ఇది సీసం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీకిప్పుడు లోకమంతా సీసమేనయ్యా. పొద్దున దిండు కూడా బరువుగా ఉందన్నావు" అని చెంబు లాక్కుని వంటింట్లోకి వచ్చేసినా. నిజంగానే అన్నాడు పొద్దున ఆ మాట. ముందురోజు, చనిపోయిన మా మామగారు వాకిట్లో ఉన్నారన్నాడు. అట్టాంటి నోట ఈ మాటొస్తే దీనికి మాత్రం విలువెట్టా ఇస్తాను?

చెంబు తోముతా ఉన్నా. చింతపండు వేసి రుద్దుతుంటే ఎప్పటిలాగే చేతివేళ్ళు నల్లబడినాయి. ఎప్పుడూ నల్లబడతాయి, కొత్త చెంబు కదా మురికి వదులుతోంది అనుకునేదాన్ని. అంతలో ఒక సంగతి తట్టింది. కొని ఏడాది కావస్తా ఉంది, ఇంకా కొత్త చెంబేంది? మా అమ్మ చెంబుని నేను పెళ్ళైనప్పటినించీ తోమినా. ఏనాడూ వేలు నల్లబడలా.

పోపుల డబ్బా వెనకనించి గుడ్డమూట తీసినా. మా అమ్మ చెంబు ముద్ద. వంటింటి గోడ మీద దాన్ని పెట్టి గట్టిగా లాగినా. సున్నం గీరుకుపోయిందే గానీ నలుపు లేదు. పక్కనే కొత్త చెంబు అంచు పెట్టి, ఊరికే ఆనించినట్టు లాగినా. పలక మీద బలపం లాగా ఇంత లావు నల్లటి గీత. నమ్మలా. మళ్ళీ గీసినా. ఇంకోచోట గీసినా. గోడంతా గీతలయినాయి. ముద్దని ఒక చేతిలో, చెంబుని ఒక చేతిలో పట్టుకుని నిలబడినా. అన్నిటికంటే బరువైందాన్ని ఏరి కొనుక్కున్నదాన్ని నేను.

పొయ్యి పక్కన గిన్నెలో చారు ఇంకా పొగలు కక్కుతోంది. కడుపునొప్పి అంటే ఇదే పోసినా. మతి చెడితే ఇదే పోసినా. ఆస్పత్రి నించి వచ్చిన రోజు, పాపం క్యాంటీను తిండి తిని నోరు చచ్చిపోయిందని, ఇంకాస్త పులుపు వేసి మరీ పోసినా. చింతపండు పులుపుకి సీసం కొంచెం కొంచెంగా చారులోకి దిగుతా ఉండిందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆమె చెప్పకముందే నాకు ఆ గోడ దగ్గరే అర్థమైపోయింది. గిన్నె తీసుకుపోయి కుడితి తొట్టి వైపు నడిచి, గేదె తాగుతుందని మళ్ళీ వెనక్కొచ్చి, ఆ చారుని ఎక్కడ పొయ్యాలో తెలీక వాకిట్లో నిలబడిపోయినా.

ఆయన దగ్గరికి పోయినా. మంచం పక్కన నేల మీద కూర్చున్నా.

"నువ్వన్నది నిజం. అది సీసమే" అన్నా.

ఆయన కళ్ళు తెరిచి చూసినాడు. ఏది అన్నట్టుగా.

"చారు చెంబయ్యా. నేను కొన్న చెంబు. నీ ఒంట్లో సీసం అందులోదే. నేనే పోసినా, రోజూ." తిడతాడనుకున్నా, తిడితే బాగుండనుకున్నా. ఆయన తలలో ఒకటొకటిగా పేర్చుకుంటున్నాడని తెలుస్తా ఉంది.

"అయితే నేను దొంగతనంగా చెయ్యలా?" అన్నాడు.

"చెయ్యలా."

"నా చేతులు చెయ్యలా?"

"నువ్వేం చెయ్యలేదయ్యా. నువ్వు చెప్పిందే నిజం, మొదటినించీ."

అప్పుడు ఏడ్చినాడు. తువ్వాలు మొహం మీద వేసుకుని భుజాలు అదిరేట్టు ఏడ్చినాడు. విషం తాగినందుకు కాదు, తను అబద్ధం చెప్పలేదని తెలిసినందుకు. ఆ ఏడుపు నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. చెంబు సంగతి మళ్ళీ ఎత్తనేలేదు ఆయన. తాళం తీసేస్తావా అని మాత్రం అడిగినాడు.

మర్నాడే చెంబుని సంచిలో వేసుకుని నెల్లూరు పోయినా. డాక్టరమ్మ దాన్ని పరీక్షకి పంపింది, వచ్చిన జవాబు నాకు తెలిసిందే. "పాత్రల గురించి నేను అడగాల్సిందండీ" అంది ఆమె. "నేను అడగనిచ్చినానా తల్లీ" అన్నా. రాఘవమ్మ వదినకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పినా, ఆమె ముందు ఆయన్ని అబద్ధమాడుతున్నాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పినా. ముత్యాలయ్యకి చెప్పినా. మోపెడ్ వాడి కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ విచారించినా, అట్టాంటి చెంబులు కొన్నవాళ్ళుంటే గోడకి గీసి చూసుకోండని ఇల్లిల్లూ తిరిగినా. వాడు దొరకలా. దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

మళ్ళీ మందు ఎక్కించినారు. ఈసారి ఇంటికొచ్చినా ఒంట్లో సీసం తగ్గుతానే ఉంది. కడుపునొప్పి పోయింది, మణికట్లు నిలబడుతున్నాయి. గుంటల దగ్గరికి నాతోపాటు వస్తున్నాడు. మతి మాత్రం కొంత వచ్చింది, కొంత ఇంకా రావాల. వస్తుందో రాదో చెప్పలేమంటారు. ముత్యాలయ్యని గుర్తుపడతాడు, వాడి కూతురి పేరు దొరక్క వెతుక్కుంటాడు. ఇంక సీసం జోలికి ఈ జన్మలో పోకూడదన్నారు. ఆయన సరేనన్నాడు.

ఇప్పుడు నేను స్టీలు గిన్నెలో వండుతా. కొన్న ప్రతి గిన్నెనీ గోడకి గీసి చూస్తా. పప్పులో ఉప్పేసినా ఒకటికి రెండుసార్లు డబ్బా మీద మూత తీసి వాసన చూస్తా. కంచం ఆయన ముందు పెట్టేటప్పుడు నా చెయ్యి నా మాట వినదు, అంచు నేలకి తగిలి చప్పుడవుతుంది. ఆయన మాత్రం వంచిన తల ఎత్తడు. ఏం కూరో చూడడు, కలుపుకుని తింటాడు. రోజూ ఇదే. నిన్న నేను ఆగలేకపోయినా, కోపమొచ్చి అరిచినాను.

"ఒక్కసారన్నా ఏందిది అని అడగవేందయ్యా? దేంట్లో వండినావు, ఏమేసినావు అని అడగరాదా? ఇంత జరిగినాక కూడా అట్ట గుడ్డిగా తింటావేంది?"

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు అయోమయంగా చూసినాడు. నేనేం అడుగుతున్నానో నిజంగానే అర్థం కాలేదు ఆయనకి.

"నువ్వు పెట్టినావు కదా" అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.